తాడు కింది నుంచి

బ్యాంకాక్,
12 జూన్ 1998

పిన్నికి,

మాలై రాస్తున్నాను. నా చేతిరాత చూడగానే ఎవరికో ఏదో అయిందని గాభరా పడకు. అమ్మ బాగుంది, నేనూ బాగున్నాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు తప్ప వేరే బాధల్లేవు. వాటి గురించి చెప్పడమే ఆవిడకి రోజంతా పని. ఫోన్ చేద్దామంటే మీ ఊళ్లో ఉన్న ఒక్క ఫోనూ ఊరిపెద్ద ప్రసోంగ్ గారింట్లోనే ఉంది. ఆయన ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వింటారు. అందుకే ఉత్తరం.

నేనొక పిల్లల పుస్తకం రాస్తున్నాను పిన్నీ. కథలు కావు, నిజంగా జరిగినవి. ఆడవాళ్లకి ఆటలేమిటని అందరూ అనే రోజుల్లో ముందుగా దిగినవాళ్ల గురించి. దక్షిణాన దీవుల మధ్య ఈదిన ఒక జాలరి అమ్మాయి ఉంది. మగవాళ్లతో సైకిల్ పందెం వేసిన ఒక దర్జీ ఉంది. బియ్యం మిల్లులో మూటలు మోస్తూ మోస్తూ బరువులెత్తే పోటీలకి వెళ్లిన ఒకావిడ ఉంది. చివరి అధ్యాయం నీది.

వద్దనకు. సురిన్ జిల్లాలో మొదట ముయే థాయ్ తన్నులాట రింగులోకి దిగిన ఆడపిల్లవి నువ్వు. నువ్వు చెప్పకపోతే ఎవరూ చెప్పరు. మొదటిసారి రింగు ఎక్కిన రోజు ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాసి పంపు. నీ మాటల్లోనే రాయి, నేను సరిచేసుకుంటాను.

నీ ముద్దుల
మాలై


నోంగ్ ఖ్వావ్,
27 జూన్ 1998

మాలై తల్లికి,

బున్‌మా పిన్ని ఆశీస్సులు. సరిచేసుకుంటానన్నావు చూడు, అక్కడే నాకు ముక్కు మీదికి కోపం వచ్చింది. నేను మాట్లాడేదాంట్లో వంకర ఏముందని సరిచేస్తావు? సరేలే, చదువుకున్నదానివి. అక్కతో చెప్పు, మోకాళ్లకి వేడి ఉప్పు మూట కట్టుకోమని. రాత్రంతా టీవీ ముందు చల్లని గచ్చు మీద కూర్చుంటే మోకాళ్లు ఊరుకుంటాయా?

ఉన్నదున్నట్టు అడిగావు కాబట్టి చెబుతున్నా. గుంజల మీద నిలబెట్టిన మన ఇంటి కింద, ఆ గుంజల మధ్య, మీ తాతయ్య మగపిల్లలకి ముయే థాయ్ నేర్పేవాడు. వాళ్లకి తన్నులాటలో జోడీ దొరకనప్పుడల్లా నన్ను నిలబెట్టేవాడు. అలా తన్నులు తింటూ, అరటిబోదెను తంతూ నేర్చుకున్నాను. ఆ ఏడు మన విహారం తిరునాళ్లలో పక్క జిల్లా నుంచి ఒక పిల్ల వచ్చింది, నాలాంటిదే. మా ఇద్దరికీ పోటీ పెట్టమని తాతయ్య అడిగాడు. రింగు కట్టే వాళ్లు ససేమిరా అన్నారు. నీకు తెలిసిందే, రింగు కింద మంత్రించిన తాయెత్తులు పెడతారు. ఆడది ఎక్కితే వాటి బలం పోతుందని, ఆ తర్వాత అందులో దిగిన మగవాడికి ఎముకలు విరుగుతాయని భయం. మీ తాతయ్య పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్ల చుట్టూ తిరిగి చివరికి ఒప్పించాడు. మగవాళ్ల పోటీలన్నీ అయ్యాకే మాది. మగవాడు పై తాడు మీదుగా దూకి వస్తాడు, మేం మాత్రం కింది తాడు కింది నుంచి పాక్కుంటూ రావాలి. పోటీకి ముందు పెట్టుకునే మంత్రించిన తలకట్టు కూడా లోపలికి వచ్చాకే పెట్టుకోవాలి.

పాకాను. పొట్ట కింద గోనెపట్టా గరగరలాడింది. జనం నవ్వారు. లేచి నిలబడ్డాను, గంట మోగింది, అంతే. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. పదేళ్లకి పైగా అలాగే పాకి ఎక్కాను, ఎక్కిన ప్రతిసారీ కొట్టాను, కొట్టించుకున్నాను. ఇంతకన్నా కథేం లేదు.

ఇప్పుడు అదే ఇంటి కింద నేను ముగ్గురు ఆడపిల్లలకి నేర్పుతున్నాను. వాళ్లలో ఫికున్ అనే పిల్ల ఉంది. తండ్రి లేడు. ఆ కాలు చూడాలి నువ్వు, అరటిబోదెను తంతే నీళ్లు చిమ్ముతాయి. నవంబరు తిరునాళ్లకి కోరాట్ నుంచి విచియన్ గారని ఒకాయన వస్తున్నాడు. ఆడపిల్లల కోసం శిక్షణ శిబిరం నడుపుతున్నాడట. నచ్చితే తీసుకెళ్లి బడికి కూడా పంపిస్తాడు. ఈ పిల్ల గట్టెక్కితే చాలు, నాకింకేం అక్కర్లేదు.

రాసుకో. నా ముక్కు మాత్రం ఉన్నదానికంటే పెద్దది చేయకు.

పిన్ని


బ్యాంకాక్,
2 ఆగస్టు 1998

పిన్నికి,

నీ ఉత్తరం మా ఆఫీసులో గట్టిగా చదివాను. మా సంపాదకురాలు వరాపోన్ గారు కళ్లు తుడుచుకున్నారు. పుస్తకం మొత్తంలో నీ అధ్యాయమే బాగుంటుందన్నారు. చిన్న చిన్న మార్పులు చేశాం, పిల్లలకి తగినట్టు. దెబ్బలూ రక్తం కాస్త తగ్గించాం. మీ ఇంటి కింద గుంజలు, తాతయ్య, అరటిబోదె అన్నీ ఉన్నాయి.

అధ్యాయం మొదట్లో రెండు పేజీల నిండా ఒకే బొమ్మ వస్తుంది. నువ్వు రింగు ఎక్కుతున్న బొమ్మ. చిత్రకారుడు చాలా హుషారుగా వేశాడు, నీ ముఖంలో భయం అన్నదే లేదు. ఇంకా రంగులు పడలేదు, లేకపోతే పంపేదాన్ని. ఆ బొమ్మ పెట్టడం నీకు ఇష్టమేనా? ఒక్క ముక్క రాయి. ముక్కు సంగతి గట్టిగా చెప్పాను, నవ్వాడు.

ఫికున్ సంగతి చదివి చాలా సంతోషం వేసింది. పుస్తకం రాగానే ఒక ప్రతి ఆ అమ్మాయికి పంపిస్తాను. అలాంటి పిల్లల కోసమే కదా ఇదంతా.

మాలై


నోంగ్ ఖ్వావ్,
15 ఆగస్టు 1998

మాలై తల్లికి,

బొమ్మకేం, పెట్టుకోండి. రింగు ఎక్కాను కాబట్టే ఎక్కిన బొమ్మ వేశారు, ఇందులో ఇష్టాయిష్టాలేముంది? నన్ను అడిగి పెద్దరికం ఇచ్చారు, అదే పదివేలు.

ఇక్కడ నాట్లు పడ్డాయి. పొద్దున నడుములు విరిగేలా పొలంలో వంగి, సాయంత్రం పిల్లల చేత తన్నించుకుంటున్నాను. ఫికున్ వాళ్లమ్మ ఒకరోజు ఊఁ అంటుంది, ఒకరోజు ఊహూఁ అంటుంది. మూతి పగిలితే ఎవరు చేసుకుంటారని ఆవిడ దిగులు. నన్నెవరూ చేసుకోలేదని ఎదుటే అనేసింది కూడా. అననీ, పిల్లని పంపిస్తోంది కదా.

ఊరిపెద్ద ప్రసోంగ్ నన్ను పిలిపించాడు. ఈ ఏడు కూడా ఆడపిల్లలు మర్యాదగా కింది తాడు కింది నుంచే ఎక్కుతారా అని అడిగాడు. ఎక్కుతారని మాటిచ్చాను. ఆయనకి ప్రతి ఏడూ అడగటం ఒక సరదా, నాకు ప్రతి ఏడూ తల ఊపటం ఒక పని. ఆ తల ఊపినంత కాలం తలుపు తెరిచి ఉంటుంది.

అక్క ఉప్పు మూట కట్టుకుంటోందా? నువ్వు చెప్పి ఉండవు.

పిన్ని


బ్యాంకాక్,
9 అక్టోబర్ 1998

పిన్నికి,

వచ్చేసింది! ఈ ఉత్తరంతోపాటే పార్సిల్లో రెండు ప్రతులు పంపుతున్నాను, నీకొకటి, ఫికున్‌కి ఒకటి. ఇంకో మంచి మాట. మా ప్రచురణ సంస్థ మన జిల్లాలోని బడులన్నిటికీ పుస్తకం కానుకగా పంపింది. మీ ఊరి బడికి ఈపాటికే చేరి ఉంటుంది. అమ్మ నీ బొమ్మ చూసి ఏడుస్తూనే ఉంది. తాతయ్య ఉండి ఉంటే బాగుండేదని అంది.

నువ్వు ఏమంటావోనని ఎదురుచూస్తున్నాను. త్వరగా రాయి.

మాలై


నోంగ్ ఖ్వావ్,
18 అక్టోబర్ 1998

మాలై,

పార్సిల్ విప్పాను. బొమ్మలో నేను పై తాడు మీదుగా ఎగిరి దూకుతున్నాను. జుట్టు విరబోసుకుని, ఒక కాలు ఆకాశంలో పెట్టి. కింద అచ్చు అక్షరాల్లో "బున్‌మా ఎవరికీ తల వంచలేదు, తాడు కూడా ఆమెను ఆపలేకపోయింది" అని ఉంది.

ఒసేయ్, నేనెప్పుడు దూకానే? ఉన్నదున్నట్టు రాయమన్నావు, రాశాను. పొట్ట మీద పాకానని రాశాను. గోనెపట్టా గరగరలాడిందని కూడా రాశాను. అది ఒక్కటీ లేదు పుస్తకంలో. తక్కినదంతా ఉంది, అరటిబోదె కూడా ఉంది. ఎక్కుతున్న బొమ్మ అంటే సరేనన్నాను. ఎక్కడమంటే నాకు తెలిసిన ఎక్కడం ఒకటే కాబట్టి అన్నాను.

ఇది ఇక్కడ ఎవరి కంటైనా పడితే ఏమవుతుందో తెలుసా నీకు? ఇన్నేళ్లుగా నేను వాళ్ల కళ్లుగప్పి పైనుంచి దాటానని అనుకుంటారు. ఆ రింగులో ఎవడెవడు ఎప్పుడెప్పుడు ఓడిపోయాడో, ఎవడి దవడ విరిగిందో అన్నీ తవ్వి నా నెత్తిన పెడతారు. నాకేం, ముసలిదాన్నయ్యాను. తిరునాళ్లు వచ్చేస్తున్నాయి, పిల్లల్ని ఎక్కనివ్వరు. ఫికున్ ప్రతిని బియ్యం డబ్బాలో దాచాను, ఇవ్వను. బడికి పంపినవి వెనక్కి తెప్పించు. తెప్పించలేకపోతే ఆ బొమ్మ ఉన్న కాగితాలు జిగురుతో ఒకదానికొకటి అంటించెయ్యమని హెడ్మాస్టర్‌కి రాయి. ఇవాళే రాయి.

పిన్ని


బ్యాంకాక్,
25 అక్టోబర్ 1998

పిన్నికి,

నీ ఉత్తరం చదివి నిద్రపట్టలేదు. అయినా నేనూ చెప్పాల్సింది చెబుతాను.

నువ్వు పాకావని నాకు నీ ఉత్తరం వచ్చాకే తెలిసిందనుకుంటున్నావా? చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడు అమ్మ భుజం మీద కూర్చుని చూశాను. నువ్వు కింది తాడు కింద దూరుతుంటే నా వెనక మగవాళ్లు కుక్కల్లా మొరిగారు. నువ్వు వినలేదేమో, నేను విన్నాను. ఆ రోజు నుంచీ నాకది గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఈ పుస్తకం రాసిందే అందుకు. పదేళ్ల పిల్ల పుస్తకం తెరవగానే ఏం చూడాలి? ఆడది పాకడమా? అదే నేర్చుకోవాలా వాళ్లు? వరాపోన్ గారు పాకే బొమ్మ వద్దన్నప్పుడు నాకు కష్టం కలగలేదు పిన్నీ. హాయి అనిపించింది.

నీకు సిగ్గుగా ఉందని నాకు తెలుసు. ఆ సిగ్గు నీది కాదు, వాళ్లది. నేను దాన్ని తీసేశాను, అంతే. నువ్వు నన్ను మెచ్చుకోవాల్సింది పోయి ప్రసోంగ్ గారి తరఫున మాట్లాడుతున్నావు.

పైగా ఊరిపెద్ద పిల్లల బొమ్మల పుస్తకం చదువుతాడా? అచ్చయిన ప్రతుల్ని వెనక్కి తెప్పించడం నా చేతుల్లో లేదు. హెడ్మాస్టర్‌కి రాసి నవ్వులపాలు కాలేను. దయచేసి ఆ రెండో ప్రతి ఫికున్‌కి ఇవ్వు.

మాలై


నోంగ్ ఖ్వావ్,
14 నవంబర్ 1998

మాలైకి,

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. జరిగింది నీకు చెప్పడానికి నేను తప్ప ఇంకెవరూ లేరు, అందుకే రాస్తున్నాను.

బియ్యం డబ్బాలో దాచడం వల్ల ఏమీ ఒరగలేదు. బడిలో హెడ్మాస్టర్ ఆ పుస్తకం తీసి, మన ఊరి మనిషి గురించే ఉందని మురిసిపోయి, ఫికున్ చేతికే ఇచ్చి తరగతిలో గట్టిగా చదివించాడట. నేను నేర్పేది దానికే కదా. దాని పక్కన కూర్చున్న పిల్లలు అంతా అయిపోయాక నాతో చెప్పారు. అది మాత్రం నా దగ్గర ఒక్క మాట ఎత్తలేదు. రోజూ వచ్చింది, తన్నింది, వెళ్లింది. కళ్లలో ఏదో వెలుగు ఉంది. పోటీ దగ్గరపడింది కాబట్టి అనుకున్నాను.

తిరునాళ్ల రోజు విచియన్ గారు ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన్ని చూసి ఫికున్ వాళ్లమ్మ కొత్త రవిక తొడుక్కుని వచ్చింది. ఈ ఏడు మగవాళ్ల పెద్ద పోటీకి ముందే మాది పెట్టారు. విచియన్ గారు తిరిగి కోరాట్ వెళ్లాలని ప్రసోంగే ఆ మర్యాద చేశాడు. నేను రింగు మూల దగ్గర నీళ్లబకెట్టు పట్టుకుని నిలబడి, కింది తాడు పైకెత్తి పట్టుకున్నాను, ఎప్పటిలాగే. అది నా పక్కనుంచి నడిచి వెళ్లింది. పై తాడు మీద ఒక చెయ్యి వేసి ఎగిరి దూకింది. జడ విప్పేసి ఉంది. అచ్చం ఆ బొమ్మ.

వాయిద్యాలు ఆగిపోయాయి. ఇద్దరు మగవాళ్లు ఎక్కి దాని రెండు రెక్కలూ పట్టుకుని దింపారు. పెద్ద పోటీలో దిగాల్సిన తోంగ్‌దీ ఆ రింగులో అడుగు పెట్టనన్నాడు. నేనైనా అదే అనేదాన్నేమో, వాడి ఎముకలు వాడివి. విహారం నుంచి పెద్ద భిక్షువుగారు వచ్చి మంత్రజలం చల్లారు. పట్టా ఎత్తి తాయెత్తులు తీసి మళ్లీ మంత్రించారు. అదంతా అయ్యేసరికి విచియన్ గారి కారు లేదు. పోతూ పోతూ ప్రసోంగ్‌తో ఒక మాట అన్నాడట, మాట వినని పిల్లలు తనకి అక్కర్లేదని. వాళ్లమ్మ అక్కడే నేల మీద కూలబడిపోయింది.

ప్రసోంగ్ చేతిలో పుస్తకం ఉంది. బడి నుంచి ఎవరో తెచ్చి ఇచ్చారు. ఆ బొమ్మ తెరిచి నా ముందు పెట్టి, "బున్‌మా, ఇన్నేళ్లూ నాకు తల ఊపి ఇదా నువ్వు చేసింది?" అన్నాడు. కాదన్నాను. నా సొంత అక్క కూతురు అచ్చు వేయించాక కాదంటే ఎవరు నమ్ముతారు?

అదీ బాధ కాదు. ఫికున్ నా దగ్గరికి వచ్చింది. చెంప మీద ఎవరివో వేళ్లు తేలి ఉన్నాయి.

"నువ్వు దాటావా లేదా గురువమ్మా?" అని అడిగింది.

దాటలేదే తల్లీ, పాకానని చెప్పాను.

"అబద్ధం. ఊరిపెద్ద పక్కనే ఉన్నాడని అలా అంటున్నావు. నువ్వు దూకి మాకేమో పాకడం నేర్పావు" అంది.

నీకొకటి చెప్పాలి, ఎంత కోపమున్నా చెప్పాలి. అది తాడు మీద ఉన్న ఆ కాస్త సేపూ నేను చూశాను. చాలా బాగుంది. ఇన్నేళ్లలో నేనంత బాగా ఎప్పుడూ లేను. అదే నాకు మింగుడుపడటం లేదు. తప్పని ఎలా తిట్టను? ఒప్పని ఎలా అనను?

పిన్ని


బ్యాంకాక్,
22 నవంబర్ 1998

పిన్నికి,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను, ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

నీతో దాచను, ఇంకొకరి నోట వింటే ఇంకా బాధపడతావు. పుస్తకానికి ఈ ఏటి మంచి పిల్లల పుస్తకంగా బహుమతి వచ్చింది. మళ్లీ అచ్చు వేస్తున్నారు. ఈసారి ఆ బొమ్మే అట్ట మీదికి వస్తుంది. నేను వరాపోన్ గారి దగ్గరికెళ్లి బొమ్మ మార్చమన్నాను. జరిగిందంతా చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "చూశావా మాలై, మన పుస్తకం ఒక పిల్ల చేత తాడు దాటించింది" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. నాకు లేచి వచ్చేయాలనిపించింది, రాలేకపోయాను. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకూ గర్వంగానే అనిపించింది. తర్వాత ఆ పిల్ల చెంప గుర్తొచ్చింది.

కొత్త సంవత్సరం సెలవులకి వస్తాను. ఫికున్‌కి నేనే చెబుతాను, అది మేం కల్పించిన బొమ్మ అని. ప్రసోంగ్ గారికీ చెబుతాను. విచియన్ గారి అడ్రసు ఇస్తే కోరాట్ వెళ్లి ఆయన కాళ్లు పట్టుకుంటాను. నన్ను రానిస్తావు కదా?

మాలై


నోంగ్ ఖ్వావ్,
6 డిసెంబర్ 1998

మాలైకి,

రావద్దు. కోపంతో అనడం లేదు, వచ్చి చేసేదేమీ లేక అంటున్నాను.

నేనే వెళ్లాను. పూలు, అగరొత్తులు పట్టుకుని పెద్ద భిక్షువుగారి ముందు సాగిలపడ్డాను. తర్వాత ప్రసోంగ్ ఇంటికి వెళ్లి, చేయని తప్పుకి క్షమించమన్నాను. ఆయన చేపల వలకి మరమ్మతు చేస్తూనే విని, చివరికి మెత్తబడ్డాడు. వచ్చే ఏడు ఆడపిల్లలు ఎక్కవచ్చన్నాడు. కింది తాడు కింది నుంచే. నేను మాత్రం రింగు ఛాయలకి రాకూడదు. ఒప్పుకున్నాను. తలుపు మూయకుండా ఆపడానికి ఇంకోసారి తల ఊపాను, అది నాకు అలవాటే కదా. విచియన్ గారికి కూడా ప్రసోంగ్ చేతే ఫోన్ చేయించాను. పిల్ల మర్యాద నేర్చుకుని వస్తే వచ్చే ఏడు మళ్లీ చూస్తానన్నాడు.

ఆ మాట పట్టుకుని పరుగెత్తినట్టే ఫికున్ ఇంటికి వెళ్లాను. బట్టలు మూట కట్టుకుంటోంది. సముత్ సాఖోన్‌లో రొయ్యలు ఒలిచే కంపెనీలో పని దొరికిందట, మేనమామ తీసుకెళ్తున్నాడు. ఆగవే, వచ్చే ఏడు ఉంది, అందరూ ఒప్పుకున్నారు, ఒక్కసారి కింద నుంచి దూరి లోపలికి వెళ్లావంటే కోరాట్ నీదేనని బతిమాలాను. వాళ్లమ్మ కూడా ఏడుస్తూ బతిమాలింది. పుస్తకంలోది అబద్ధమని, మా మాలై దగ్గరుండి వేయించిందని, నీ ఉత్తరం కూడా తీసి చూపించాను.

ఉత్తరం చదివింది. మడిచి నా చేతిలో పెట్టింది.

"ఆవిడ చేత కూడా ఇలా రాయించావన్నమాట" అంది. కోపంగా అనలేదు. చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు అంది. "నీకు భయం గురువమ్మా, నాకు తెలుసు. అయినా నువ్వు ఎలా ఎక్కావో నేనూ అలాగే ఎక్కుతాను. లేకపోతే ఎక్కను."

నేనెన్నడూ అలా ఎక్కలేదు మాలై. ఆ పిల్ల మంగళవారం బస్సెక్కింది.

పిన్ని